ఒరాకిల్ ఫ్యూజన్ త్రైమాసిక అప్‌డేట్లకు రిగ్రెషన్ టెస్టింగ్: రెండు వారాల గడువులో ముగించే పద్ధతి

ఒరాకిల్ ఫ్యూజన్ క్లౌడ్‌లో లెక్కలు, కొనుగోళ్లు, జీతాలు నడుపుకుంటున్న ప్రతి సంస్థకూ ఏడాదికి నాలుగు సార్లు ఒక పరీక్ష వస్తుంది: ఒరాకిల్ పంపే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పాత పనులు దేన్నీ చెడగొట్టలేదని చూసుకునే రిగ్రెషన్ టెస్టింగ్. దాని తేదీని సంస్థ నిర్ణయించదు, ఈసారికి వద్దని దాటవేయడానికీ వీలుండదు. సంవత్సరం అంకెలకు వరుస అక్షరం చేర్చి 25ఏ, 25బి, 25సి, 25డి అని పిలిచే ఈ అప్‌డేట్, నెలలోని మొదటి శుక్రవారం పరీక్షలకు వాడే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లోకి, మూడో శుక్రవారం అసలు పని జరిగే ప్రొడక్షన్‌లోకి చేరుతుంది. ఆ రెండు శుక్రవారాల మధ్య శని, ఆదివారాలు తీసేస్తే మిగిలేవి పది పనిదినాలు. పదో రోజే ప్రొడక్షన్ అప్‌డేట్ కనుక చేతికి అందేవి తొమ్మిదే. ప్రొడక్షన్‌లోకి వెళ్లాక పాత వెర్షన్‌కు తిప్పే మీట కస్టమర్ చేతిలో ఉండదు.

సొంత సర్వర్లలో ఒరాకిల్ ఇ-బిజినెస్ సూట్ సాఫ్ట్‌వేర్ నడిపిన రోజుల్లో అప్‌గ్రేడ్ అంటే కొన్నేళ్లకొకసారి వచ్చే పెద్ద పని. దానికి బడ్జెట్ వేరు, బృందం వేరు, నెలల తరబడి టెస్టింగ్ వేరు. క్లౌడ్‌కు మారిన సంస్థల్లో చాలావరకు ఆ పాత అలవాటునే తొమ్మిది రోజుల్లోకి కుక్కాలని చూస్తాయి. అమలు చేసిన నాటి టెస్ట్ కేసులన్నీ ఒక ఎక్సెల్ షీటులో పెట్టి, అందరికీ పంచి, ఎవరికి వీలైనన్ని వారు చేసి, మిగతావాటి పక్కన కూడా ‘పాస్’ అని రాసి ముగిస్తాయి. ఇది నేను కళ్లారా చూసిన సంగతి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి దీనికి తలకిందులు: ఆ రెండు వారాలూ పోల్చి చూసుకోవడానికే తప్ప మన సిస్టమ్ ఎలా పనిచేస్తుందో కనిపెట్టడానికి కాదు. కనిపెట్టే పని అంతా అంతకు ముందరి నెలల్లోనే పూర్తి కావాలి.

ఉదాహరణలన్నీ ఫ్యూజన్‌వే అయినా, పద్ధతి ఇతర క్లౌడ్ సాఫ్ట్‌వేర్లకూ పనికొస్తుంది. ఎస్‌ఏపీ ఎస్/4 హానా పబ్లిక్ క్లౌడ్‌కు ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో రెండు విడుదలలు, వర్క్‌డేకు ఏడాదికి రెండు, సేల్స్‌ఫోర్స్‌కు మూడు ఉంటాయి. గడువులు మారతాయి, తర్కం మారదు.

1. ముందుగా క్యాలెండర్

ఒరాకిల్ కస్టమర్లను మూడు వరుసలుగా విభజిస్తుంది. కొందరికి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లోనూ, కొందరికి ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లోనూ, మిగిలినవారికి మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరుల్లోనూ అప్‌డేట్ వస్తుంది. మన సంస్థ ఏ వరుసలో ఉందో తెలుసుకుని ఊరుకోకుండా, ఆ వరుస మనకు సరిపోతుందా అని కూడా ఆలోచించాలి. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగిసే భారతీయ సంస్థకు ఏప్రిల్‌లో అప్‌డేట్ అంటే సంవత్సరాంతపు పద్దుల మధ్యలో వచ్చిపడే అతిథి. మార్చి వరుస అంతకంటే మేలేమీ కాదు. ఫిబ్రవరి వరుస మూడింటిలోకీ కాస్త ఊపిరి ఆడేది. వరుస మార్చమని ఒరాకిల్‌ను సర్వీస్ రిక్వెస్ట్ (సహాయ అభ్యర్థన) ద్వారా అడగవచ్చు. అది త్రైమాసికం మధ్యలో తేలే పని కాదు కనుక ముందుగానే అడగాలి.

ఇంకో చిక్కు నెల లోపలే ఉంది. మొదటి శుక్రవారం ఎప్పుడూ 1 నుంచి 7వ తేదీ మధ్యనే పడుతుంది. ఫైనాన్స్ విభాగం గత నెల పుస్తకాలు మూసే రోజులు సరిగ్గా అవే. టీడీఎస్ 7వ తేదీలోగా జమ చేయాలి, జీఎస్టీ రిటర్నులు నెలవారీ దాఖలు చేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు 11, జీఎస్టీఆర్-3బి గడువు 20. అంటే మనం టెస్టింగ్‌కు రమ్మని పిలిచే అకౌంటెంట్లకు ఆ రెండు వారాల్లోనే ఊపిరి సలపదు. ‘యూజర్లు సహకరించడం లేదు’ అని ప్రతి త్రైమాసికంలోనూ ఫిర్యాదు చేసే ప్రాజెక్టు మేనేజర్లు ఒక్కసారి ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఫిర్యాదు మానేస్తారు. చేయవలసింది ఒకటే: మొదటి వారంలో యూజర్ల అవసరం లేని టెస్టులు పెట్టుకుని, వారి సమయాన్ని రెండో వారంలో గంటల లెక్కన ముందే అడిగి ఉంచుకోవాలి.

2. నిజంగా నడుస్తున్నదేమిటో లెక్క తీయడం

అమలు సమయంలో రాసిన ప్రాసెస్ పత్రాల్లో ఉండేది సంస్థ ఎలా పనిచేయాలనుకున్నదో. ఇప్పుడు ఎలా పనిచేస్తున్నదో ప్రొడక్షన్ డేటా చెబుతుంది. గత 12 నెలల్లో ఏ రకం ఇన్వాయిస్‌లు ఎన్ని వచ్చాయి, వేళకు తమంతట తామే నడిచే షెడ్యూల్డ్ ప్రాసెస్‌ల్లో ఏవి ఎన్నిసార్లు నడిచాయి, ఏ రిపోర్టులు ఎవరు తెరిచారు, ఏ అప్రూవల్ రూల్ ఎన్నిసార్లు పనిచేసింది అన్నవి తీసుకుని పట్టిక వేయాలి. పని రెండు మూడు రోజులది. ఫలితం మాత్రం ప్రతిసారీ ఆశ్చర్యపరుస్తుంది: ఎంతో శ్రద్ధగా టెస్ట్ చేస్తూ వచ్చిన కొన్ని ప్రాసెస్‌లను ఏడాదిగా ఎవరూ తాకి ఉండరు, బయటి సిస్టమ్‌తో డేటా ఇచ్చిపుచ్చుకుంటూ రోజూ నడిచే ఒక ఇంటర్‌ఫేస్‌కు టెస్ట్ కేసే ఉండదు.

ఆ పట్టికను మూడు వర్గాలుగా విడదీయాలి. ఒక్క రోజు ఆగినా లారీలు గేటు దాటని, బ్యాంకుకు చెల్లింపు ఫైలు వెళ్లని పనులు మొదటి వర్గం. నెలాఖరులోనో జీతాల రోజునో తప్పనిసరిగా జరగాల్సినవి రెండోది. ఆగితే చేత్తో చేసుకుని వారం నెట్టుకురాగలిగినవి మూడోది. ఏది ఏ వర్గమన్న నిర్ణయాన్ని ఐటీ విభాగం ఒంటరిగా తీసుకోకూడదు. అయితే వ్యాపార విభాగాలను ‘ఏది ముఖ్యం?’ అని అడిగితే ‘అన్నీ ముఖ్యమే’ అనే జవాబు వస్తుంది. ‘సోమవారం ఉదయం ఇది పనిచేయకపోతే పదకొండు గంటలకు ఏమవుతుంది?’ అని అడగాలి. అప్పుడు నిజం బయటికి వస్తుంది.

మూడో వర్గంలోని వాటిని ప్రతి త్రైమాసికంలో టెస్ట్ చేయనవసరం లేదు. ఎందుకు వదిలేస్తున్నామో ఒక వాక్యంలో రాసి, ఆ విభాగాధిపతి చేత ఒప్పించుకుని వదిలేయాలి. రాసి వదిలేయడానికీ, సమయం చాలక వదిలేయడానికీ ఎంత తేడా ఉందో ఆడిట్ రోజున తెలుస్తుంది.

3. టెస్ట్ కేసును అంకెలతో రాయడం

అమీర్‌పేటలో మాడ్యూల్ వారీగా నేర్చుకుని ఈ రంగంలోకి వచ్చినవాళ్లం మనలో చాలామందిమి. ఆ అలవాటు కొద్దీ టెస్ట్ కేసులు కూడా మాడ్యూల్ వారీగానే రాస్తాం: పేయబుల్స్‌కు (చెల్లింపులు) ఇన్ని, ప్రొక్యూర్‌మెంట్‌కు (కొనుగోళ్లు) ఇన్ని, జనరల్ లెడ్జర్‌కు (ప్రధాన ఖాతా పుస్తకం) ఇన్ని. అప్‌డేట్ తెచ్చే తప్పులు ఈ సరిహద్దులు చూసుకుని రావు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి, ఒక మాడ్యూల్ నుంచి పక్క మాడ్యూల్‌కు డేటా చేతులు మారే చోటే ఎక్కువగా తెగుతుంది. కాబట్టి రిక్విజిషన్‌తో (కొనుగోలు కోరే పత్రం) మొదలై జనరల్ లెడ్జర్‌లో జర్నల్‌గా (పద్దుగా) పడేవరకు ఒకే కథగా నడిచే టెస్ట్ ఒకటి, విడివిడి టెస్టులు పదింటి పని చేస్తుంది.

ఇక ఆశించిన ఫలితం గురించి. ‘ఇన్వాయిస్ విజయవంతంగా క్రియేట్ కావాలి’ అని రాసిన టెస్ట్ కేసు దేన్నీ పరీక్షించదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. జడ్చర్లలోని కర్మాగారం విజయవాడ సరఫరాదారు నుంచి యంత్ర విడిభాగాలు కొంటుంది. వంద నగాలు, నగం రూ.250, జీఎస్టీ 18 శాతం. పర్చేజ్ ఆర్డర్ (పీవో) విలువ రూ.25,000. రాష్ట్రం దాటి వచ్చే సరుకు కనుక పన్ను మొత్తం ఐజీఎస్టీ రూ.4,500గా పడాలి. ఇదే సరుకు హైదరాబాదు సరఫరాదారు నుంచి వస్తే సీజీఎస్టీ రూ.2,250, ఎస్‌జీఎస్టీ రూ.2,250గా విడిపోవాలి. టెస్ట్‌లో ముందుగా 90 నగాలే రిసీవ్ చేయాలి. వంద నగాలకు వచ్చిన ఇన్వాయిస్‌ను పీవోతో మ్యాచ్ చేసి వాలిడేట్ చేస్తే, అందిన సరుకు తక్కువైందని అది హోల్డ్‌లోకి (చెల్లింపు ఆగే స్థితిలోకి) వెళ్లాలి. వెళ్లకపోతే టెస్ట్ ఫెయిల్. మిగిలిన పది నగాలు రిసీవ్ చేసి మళ్లీ వాలిడేట్ చేస్తే హోల్డ్ తొలగాలి. పద్దులు తయారుచేసే క్రియేట్ అకౌంటింగ్ ప్రాసెస్ నడిపాక అక్రూవల్ ఖాతాలో (సరుకు అంది బిల్లు రానివాటి ఖాతా) డెబిట్ రూ.25,000, రాబట్టుకోదగిన ఐజీఎస్టీ ఖాతాలో డెబిట్ రూ.4,500, సరఫరాదారు ఖాతాలో క్రెడిట్ రూ.29,500 కనిపించాలి.

ఈ ఒక్క టెస్ట్ పన్ను నిర్ణయాన్ని, మూడు పత్రాల (పీవో, రిసీట్, ఇన్వాయిస్) మ్యాచింగ్‌ను, హోల్డ్ రూల్‌ను, ఖాతాల నిర్ణయాన్ని కలిపి చూస్తుంది. పైగా సిస్టమ్ ఆపవలసిన చోట ఆపుతోందా అని కూడా చూస్తుంది. మన టెస్ట్ సంచిలో ‘జరగాలి’ అన్నవి వందలుంటాయి, ‘జరగకూడదు’ అన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. డబ్బు పోయేది మాత్రం రెండో రకం తప్పుల వల్లే.

పన్ను శాతాన్ని టెస్ట్ స్క్రిప్టు లోపల పాతిపెట్టకూడదు; విడిగా ఒక షీటులో, అమలు తేదీతో సహా ఉంచాలి. 2025 సెప్టెంబరును గుర్తుచేసుకోండి. జీఎస్టీ కౌన్సిల్ 3వ తేదీన నిర్ణయం ప్రకటించింది, 22వ తేదీ సోమవారం నుంచి 12, 28 శాతాల శ్లాబులు దాదాపుగా తొలగిపోయి కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. సెప్టెంబరు వరుసలో ఉన్నవారికి క్యాలెండర్ ప్రకారం టెస్ట్ అప్‌డేట్ 5న, ప్రొడక్షన్ అప్‌డేట్ 19న. అంటే శుక్రవారం సాఫ్ట్‌వేర్ మారుతుంది, సోమవారం పన్ను మారుతుంది. ఆ వారంలో ఒక ఇన్వాయిస్ మొత్తం తేడా వస్తే కారణం అప్‌డేటా, కొత్త రేటా, రేటు నమోదులో మన పొరపాటా? శాతాలు స్క్రిప్టుల్లో ఎక్కడెక్కడో ఇరుక్కుని ఉంటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే రోజులు పడతాయి.

4. టెస్ట్ పాడ్‌ను తాజా చేసుకోవడం

టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో (దాన్నే టెస్ట్ పాడ్ అంటారు) ఏడాది కిందటి డేటా ఉంటే, తేలిన తప్పుల్లో సగం డేటా తప్పులే అవుతాయి. ప్రొడక్షన్ నకలును టెస్ట్‌లోకి దించే పనిని మన వాళ్లు పీ2టీ (ప్రొడక్షన్ టు టెస్ట్) అంటారు. దీనికొక నిబంధన ఉంది: రెండు ఎన్విరాన్‌మెంట్లూ ఒకే అప్‌డేట్ స్థాయిలో ఉండాలి. మొదటి శుక్రవారం నుంచి మూడో శుక్రవారం వరకు రెండూ వేర్వేరు స్థాయిల్లో ఉంటాయి కనుక ఆ మధ్యలో పీ2టీ కుదరదు. అందువల్ల అప్‌డేట్‌కు కనీసం వారం పది రోజుల ముందే పూర్తయ్యేలా బుక్ చేసుకోవాలి. టెస్ట్ పాడ్‌లోనే జరుగుతున్న ఇతర ప్రాజెక్టుల పని ఈ నకలుతో చెరిగిపోతుంది కాబట్టి వారికి ముందే చెప్పాలి.

నకలు దిగిన మరుక్షణం చేయవలసిన పనుల చిట్టా ఒకటి గోడకు అంటించి ఉంచాలని నా సలహా. నేను పనిచేసిన ఒక సంస్థలో పీ2టీ ముగిసిన మర్నాడే ఉత్సాహంగా టెస్టింగ్ మొదలుపెట్టాం. సరఫరాదారుల అసలు ఈమెయిల్ చిరునామాలు నకలుతోపాటే దిగాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. టెస్ట్ కోసం అప్రూవ్ చేసిన పర్చేజ్ ఆర్డర్లు నేరుగా సరఫరాదారుల ఇన్‌బాక్సులకు వెళ్లాయి. ఒకాయన పాపం ఆర్డర్ వచ్చిందని సరుకు లారీకి ఎక్కించాక ఫోన్ చేశారు. అప్పటినుంచి నా చిట్టాలో మొదటి వరుస మెయిళ్లదే: వర్క్‌ఫ్లో నోటిఫికేషన్లను ఆపాలి లేదా ఒకే టెస్ట్ చిరునామాకు మళ్లించాలి, సరఫరాదారుల, ఉద్యోగుల ఈమెయిళ్లను మార్చేయాలి. రెండో వరుస బ్యాంకుది. చెల్లింపు ఫైళ్లను బ్యాంకు సర్వర్‌కు పంపే కనెక్షన్ వివరాలు కూడా నకలుతోపాటు వస్తాయి; వాటిని తీసేసేవరకు పేమెంట్ టెస్టుల జోలికి పోకూడదు. మూడోది ఇంటిగ్రేషన్లు, అంటే బయటి సిస్టమ్‌లతో ఉన్న కనెక్షన్లు: ప్రతిదాని ఎండ్‌పాయింట్ (డేటా చేరే చిరునామా) టెస్ట్ సర్వర్ వైపే తిరిగి ఉందో లేదో చూడాలి. ఇ-ఇన్వాయిస్ పోర్టల్‌కు పరీక్షల కోసం శాండ్‌బాక్స్ ఉంది, టెస్ట్ పాడ్ నుంచి వెళ్లేవన్నీ దానికే వెళ్లాలి. నాలుగోది, షెడ్యూల్ చేసి ఉన్న ప్రాసెస్‌లను నిలిపివేయడం. జీతాలు, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల వంటి వివరాలు టెస్టర్లకు కనిపించకుండా మాస్క్ చేయడం అయిదోది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక దీన్ని మర్యాద కొద్దీ చేసే పనిగా చూడలేం.

5. ముందటి చిత్రం తీసి పెట్టుకోవడం

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉంటే ఇదే పాటించండి. పీ2టీ పూర్తయ్యాక, మొదటి శుక్రవారానికి ముందు, పాత వెర్షన్ మీదే మొదటి వర్గం టెస్టులన్నిటినీ ఒకసారి నడిపి ఫలితాలను భద్రపరచాలి. అప్‌డేట్ తర్వాత అవే టెస్టులు నడిపి రెండింటినీ పోల్చాలి. ఇలా చేయకపోతే అప్‌డేట్ తర్వాత కనబడే ప్రతి లోపమూ ‘ఇది ముందు నుంచీ ఇంతేనా, ఇప్పుడే వచ్చిందా?’ అనే చర్చకు దారితీస్తుంది. తొమ్మిది రోజుల్లో మూడు నాలుగు రోజులను మింగేది ఆ చర్చే.

దీనిలో అతి చవకైన భాగం రిపోర్టులది. మూసేసిన నెలకు తీసిన ట్రయల్ బ్యాలెన్స్, ఒక నిర్ణీత తేదీకి పేయబుల్స్, రిసీవబుల్స్ ఏజింగ్ (బాకీలు ఎన్నాళ్లవో చూపే రిపోర్టు), గత నెల పేరోల్ రిజిస్టర్, ఆస్తుల తరుగుదల రిపోర్టు, ఇన్వెంటరీ విలువ. ఇవి మూసేసిన కాలానివి కనుక అప్‌డేట్ వల్ల ఒక్క పైసా కూడా మారకూడదు. లావాదేవీ ఒక్కటి కూడా చేయకుండానే, యూజర్‌ను ఒక్కరిని కూడా పిలవకుండానే, ఒక టెస్టర్ ఒక పూటలో ఈ పోలిక ముగించవచ్చు. పీడీఎఫ్‌లు కాకుండా ఎక్సెల్ లేదా సీఎస్‌వీ రూపంలో తీసి, నడిపిన సమయం, పేజీ నంబరు వంటి ఎలాగూ మారే గడులు తీసేసి, వరుసలను ఒకే క్రమంలో అమర్చి పోల్చాలి. వరుసల క్రమం మారినంత మాత్రాన తప్పు కాదన్న సంగతి పోల్చే ప్రోగ్రాముకు తెలియదు.

పీడీఎఫ్ చూడవలసింది రెండు మూడు చోట్లే: కస్టమర్‌కు వెళ్లే ఇన్వాయిస్, ఉద్యోగికి వెళ్లే పేస్లిప్, బ్యాంకు చెక్కు. వీటిలో రూపం కూడా ముఖ్యమే.

6. విడుదల పత్రాలను సంస్థ కళ్లతో చదవడం

ప్రతి అప్‌డేట్‌కూ ఒరాకిల్ తన క్లౌడ్ రెడీనెస్ పేజీల్లో ఏమేం కొత్తవో మాడ్యూల్ వారీగా ముందే ప్రచురిస్తుంది. ఒక్కో ఫీచర్ పక్కన అది తనంతట తానే అమల్లోకి వస్తుందా, మనం ఎంచుకుంటేనే వస్తుందా అని ఉంటుంది. మొదటి విడత చదువులో చూడవలసింది ఆ ఒక్క గడినే. తనంతట తాను వచ్చేవన్నీ టెస్టింగ్ జాబితాలోకి వెళ్తాయి. ఎంచుకుంటే వచ్చేవాటిని ఈ త్రైమాసికంలో ముట్టుకోకూడదు. అయితే వాటిలో కొన్నిటికి గడువు ఉంటుంది, ఒక విడుదల తర్వాత అవి తప్పనిసరి అవుతాయి. ఆ గడువులను విడిగా క్యాలెండర్‌లో రాసుకోవాలి.

రెండో విడతలో నాలుగు చోట్ల ఆగి చదవాలి. మొదటిది పాత పేజీల స్థానంలో కొత్త రూపంతో వస్తున్న రెడ్‌వుడ్ పేజీలు. పేజీ మారితే యూజర్ శిక్షణ, వ్యక్తిగతీకరణలు, ఆటోమేషన్ స్క్రిప్టులు మూడూ ఒకేసారి పాతబడతాయి.

రెండోది రోల్స్, అంటే ఏ యూజర్ ఏం చేయవచ్చో చెప్పే పాత్రలు. ఒరాకిల్ ఇచ్చే రెడీమేడ్ రోల్స్‌కు కొత్త ప్రివిలేజ్‌లు (అనుమతులు) అప్‌డేట్‌తో చేరతాయి. మనం వాటిని కాపీ చేసి తయారుచేసుకున్న సొంత రోల్స్‌కు మాత్రం చేరవు. అందుకే కొత్త పేజీ కన్సల్టెంట్‌కు చక్కగా కనిపిస్తుంది, స్టోర్ కీపర్‌కు మెనూలోనే ఉండదు. సర్వాధికారాలున్న యూజర్‌తో టెస్ట్ చేసి పాస్ అని రాయడం ఈ రంగంలో అతి సాధారణమైన ఆత్మవంచన. ప్రతి టెస్ట్ కేసులోనూ ఏ రోల్‌తో లాగిన్ కావాలో రాసి ఉండాలి, ఆ రోల్ ప్రొడక్షన్‌లో నిజంగా ఎవరికో ఉన్నదై ఉండాలి.

మూడోది ఎఫ్‌బీడీఐ టెంప్లేట్లు. ఫైలు ద్వారా పెద్దమొత్తంలో డేటా ఎక్కించే ఈ ఎక్సెల్ టెంప్లేట్లకు అప్పుడప్పుడు కొత్త గడులు చేరుతుంటాయి. కొత్త టెంప్లేట్ దించి, పాతదాని గడుల వరుసతో పోల్చి, తేడా ఉంటే ఆ ఫైలును తయారుచేసే బయటి సిస్టమ్ వారికి ముందే చెప్పాలి. నాలుగోది రిపోర్టులు. ఒరాకిల్ ఇచ్చిన రిపోర్టును అసలు ఫోల్డర్‌లోనే దిద్దినవారికి అప్‌డేట్ ఆ దిద్దుబాటును చెరిపివేసే ప్రమాదం ఉంది. మార్పులన్నీ కస్టమ్ ఫోల్డర్‌లోని కాపీలోనే ఉండాలి.

7. ఆటోమేషన్: ఎంత, ఎక్కడ

ఆటోమేషన్ అనగానే తెర మీద బొత్తాలు వాటంతటవే నొక్కుకుపోయే దృశ్యం చూపించి అమ్ముతారు. చూడడానికి బాగుంటుంది. కానీ తెరను ఆధారం చేసుకున్న స్క్రిప్టు, సెలీనియం, ప్లేరైట్ వంటి ఏ సాధనంతో రాసినా, పేజీ నిర్మాణం మారిన రోజున విరుగుతుంది. ఫ్యూజన్‌లో పేజీలు మారే రోజే మనకు టెస్టింగ్ అవసరమయ్యే రోజు. అందుకే నా పద్ధతిలో డేటా తయారీ, ప్రాసెస్‌లు నడపడం, ఫలితాల పోలిక అనే మూడింటిని తెరతో పని లేకుండా సాఫ్ట్‌వేర్‌తో నేరుగా మాట్లాడే రెస్ట్ ఏపీఐల ద్వారా, రిపోర్టుల ద్వారా చేయిస్తాం. పీవో తయారు చేయడం, రిసీట్ వేయడం, షెడ్యూల్డ్ ప్రాసెస్ నడపడం, జర్నల్ వరుసలు తెచ్చుకోవడం తెర లేకుండానే జరిగిపోతాయి. తెర స్క్రిప్టులను మొదటి వర్గంలోని కొద్ది ప్రయాణాలకే, అదీ యూజర్లు నిజంగా తెర మీద చేసే వాటికే పరిమితం చేస్తాం.

ఆటోమేట్ చేయాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది. ఒక టెస్ట్‌ను చేత్తో చేయడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో నాలుగుతో గుణించండి. అది ఏడాది ఖర్చు. స్క్రిప్టు రాయడానికీ, ఏడాదిలో దాన్ని బాగుచేయడానికీ పట్టే సమయం దానికంటే తక్కువైతేనే ఆటోమేట్ చేయాలి. ఇరవై నిమిషాల టెస్ట్ ఏడాదికి 80 నిమిషాలు. దాని కోసం రెండు రోజులు స్క్రిప్టు రాయడం సరదాకు తప్ప లాభానికి కాదు. నెలవారీ మెయింటెనెన్స్ ప్యాక్‌లు కూడా తీసుకునే సంస్థలో మాత్రం ఆ నాలుగు పన్నెండు దాకా పెరుగుతుంది, అప్పుడు లెక్క మారుతుంది.

8. ఆ రెండు వారాలు

శుక్రవారం అప్‌డేట్ పడ్డాక శని, ఆదివారాల్లో ఆటోమేటెడ్ టెస్టులు, మూసేసిన కాలపు రిపోర్టుల పోలిక నడిపితే సోమవారం ఉదయానికి మొదటి తేడాల జాబితా చేతిలో ఉంటుంది. సోమ, మంగళవారాలు ఆ తేడాలను విడదీయడానికే కేటాయించాలి, కొత్త టెస్టులు మొదలుపెట్టకూడదు. బుధవారం నుంచి శుక్రవారం వరకు ఇంటిగ్రేషన్లు, ఎఫ్‌బీడీఐ ఫైళ్లు, రోల్ వారీ టెస్టులు. రెండో సోమవారం నుంచి బుధవారం వరకు వ్యాపార యూజర్లు, మొదటి వర్గంలోని పూర్తి ప్రయాణాలు, తనంతట తాను అమల్లోకి వచ్చిన కొత్త ఫీచర్లు. గురువారం మధ్యాహ్నం సమావేశం, ఒక్క పేజీ నివేదిక: ఏమి చూశాం, ఏమి చూడకుండా రాసి వదిలేశాం, ఏయే లోపాలు మిగిలాయి, ప్రతి దానికీ తాత్కాలిక మార్గమేమిటి. అప్‌డేట్ ఎలాగూ ఆగదు కాబట్టి ‘వెళ్లవచ్చా, ఆగాలా?’ అన్న ప్రశ్న ఆ సమావేశంలో అర్థం లేనిది. సోమవారం ఉదయం ఎవరు ఏ తాత్కాలిక మార్గం పాటిస్తారన్నదే తేల్చుకోవాలి.

9. తేడా కనబడితే

తేడా అంతా డిఫెక్ట్ కాదు. వరుసగా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: అప్‌డేట్‌కు ముందటి చిత్రంలోనూ ఇదే ఉందా? డేటాలో ఏదైనా మారిందా? ఎవరైనా కాన్ఫిగరేషన్ మార్చారా? విడుదల పత్రంలో ఈ మార్పు ప్రకటించి ఉందా? నాలుగింటికీ కాదని తేలితేనే ఒరాకిల్‌కు సర్వీస్ రిక్వెస్ట్ పెట్టాలి. అప్పుడు పెట్టిన రిక్వెస్ట్‌లో రెండు వెర్షన్ల ఫలితాలు పక్కపక్కన, అడుగుల వారీగా తెర చిత్రాలు, రోల్ పేరు, ప్రాసెస్ ఐడీ, లాగ్ ఫైలు ఉంటాయి. ‘ఇన్వాయిస్ పనిచేయడం లేదు, అత్యవసరం’ అని పెట్టిన రిక్వెస్ట్‌కు మొదటి జవాబు వివరాలు అడుగుతూనే వస్తుంది, దానితో రెండు రోజులు గడిచిపోతాయి. తీవ్రత స్థాయిని పెంచి చూపడం కూడా నిష్ప్రయోజనం. వ్యాపార నష్టం ఏమిటో అంకెల్లో రాస్తే స్థాయి దానంతట అదే నిలబడుతుంది. 10 కోట్ల రూపాయలు, అంతకు మించిన టర్నోవరున్న సంస్థ ఇన్వాయిస్‌ను 30 రోజుల్లోగా ఇ-ఇన్వాయిస్ పోర్టల్‌లో నమోదు చేయాలి, ఐఆర్‌ఎన్ (పోర్టల్ ఇచ్చే ఇన్వాయిస్ నమోదు సంఖ్య) రాకపోతే ఆ గడువు తప్పుతుంది అని రాసిన వాక్యానికి ఉన్న బరువు ‘చాలా అర్జంటు’కు ఉండదు.

10. ప్రొడక్షన్‌లో, ఆ తర్వాత

ప్రొడక్షన్‌లో టెస్ట్ లావాదేవీలు చేయకూడదు. శనివారం చూడవలసినవి: ప్రతి కీలక రోల్‌తో లాగిన్, ముఖ్యమైన పేజీలు తెరుచుకోవడం, షెడ్యూల్డ్ ప్రాసెస్‌లు మళ్లీ వాటి వేళకు నడవడం, ఇంటిగ్రేషన్ల కనెక్షన్లు, మూసేసిన నెల ట్రయల్ బ్యాలెన్స్. సోమవారం ఉదయం మొదటి అసలు ఇన్వాయిస్‌ను, మొదటి చెల్లింపు ఫైలును ఒకరు కూర్చుని గమనించాలి. ఆ తర్వాత వచ్చే మొదటి నెలాఖరు వరకు ఈ త్రైమాసికపు పని ముగిసినట్టు కాదు, ఎందుకంటే పీరియడ్ క్లోజ్ (నెల పుస్తకాలు మూసే) తప్పులు అప్పటికి గానీ కనబడవు.

ఆ నెలాఖరు దాటిన వారంలో ఒక గంట కూర్చుని టెస్ట్ జాబితాను కత్తిరించాలి. ప్రొడక్షన్‌లో బయటపడిన ప్రతి లోపానికీ ఒక కొత్త టెస్ట్ చేర్చాలి. గత నాలుగు అప్‌డేట్లలో ఒక్కసారి కూడా తేడా చూపని, మొదటి వర్గంలో లేని టెస్టులను ఏడాదికొకసారి నడిపే జాబితాకు మార్చాలి. ఇలా చేసినప్పుడు జాబితా పొడవు ప్రతి త్రైమాసికంలోనూ పెరగకుండా దాదాపు అంతే ఉంటుంది. పెరుగుతూనే ఉంటే మూడో వర్గంలోకి వెళ్లాల్సినవి మొదటి వర్గంలో కూర్చున్నాయని అర్థం. రెండో మెట్టుకు తిరిగి వెళ్లి, పదకొండు గంటల ప్రశ్న మళ్లీ అడగాలి.